నిబంధనల్లేని పద్నాలుగేళ్లు

రగ్బీ అంటే మన వైపు చాలామందికి తెలిసింది కోలగా ఉండే బంతి, దానికోసం ఒకరి మీద ఒకరు పడే దిట్టమైన మనుషులు, అంతే. నిజానికి ఆట అర్థం కావడం కష్టమేమీ కాదు. జట్టుకు 15 మంది. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. తోటివాడికి చేత్తో అందించేటప్పుడు మాత్రం ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో వెయ్యాలి. అవతలివాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 5 పాయింట్లు. నాలుగు ముక్కల్లో ఇలా చెప్పగలుగుతున్నామంటే ఎవరో ఒకప్పుడు కూర్చుని రాసిపెట్టబట్టే. రాయకముందు సంగతి తెలియాలంటే డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ కథ చూడాలి.

అక్కడి విద్యార్థులు 1854లో ఒక క్లబ్ పెట్టుకున్నారు. పేరు డబ్లిన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ క్లబ్. ఆడేది రగ్బీ అయితే ఫుట్‌బాల్ పేరెందుకంటారా? అప్పటికి ఆ రెండూ ఇంకా విడిపోలేదు. ఇంగ్లండ్‌లో ఒక్కో పెద్ద బడిది ఒక్కో ఫుట్‌బాల్. ఊరు మారితే చెడుగుడు నియమాలు మారిపోయినట్టే అక్కడ బడి మారితే ఆట మారేది. రగ్బీ అనే ఊళ్లోని బడిలో బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లు. 1845లో ఆ బడి విద్యార్థులే ముగ్గురు తమ నియమాల్ని మొదటిసారి కాగితం మీద పెట్టారు. విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు 1823లో ఉన్నట్టుండి బంతి పట్టుకుని పరుగెత్తడంతో రగ్బీ పుట్టిందనే కథ మీరు వినే ఉంటారు. ఆ కథ ప్రచారంలోకి వచ్చింది ఎల్లిస్ పోయాకే; దానికి గట్టి సాక్ష్యం లేదు. వినసొంపుగా ఉంది కాబట్టి బతికింది.

ఇంగ్లండ్ బడుల్లో చదువు ముగించిన పిల్లలు కొందరు ట్రినిటీలో చేరి, అలవాటైన ఆటను వెంట తెచ్చుకున్నారు. ఆడదామంటే చుట్టుపక్కల ఇంకో జట్టు ఉంటేగా! అందుకని తమలో తామే రెండుగా చీలి ఆడుకున్నారు. 1855 డిసెంబరులో డబ్లిన్ పత్రిక ఒకటి ఈ క్లబ్ ఆట గురించి రాసింది. పాత సభ్యులు ఒకవైపు, కొత్త సభ్యులు ఒకవైపు. చిన్న వార్తే, కానీ అప్పటికే అక్కడ క్లబ్ ఉందనడానికి అదే సాక్ష్యం. లండన్‌లోని గైస్ హాస్పిటల్ వైద్య విద్యార్థుల క్లబ్ తనది 1843 అంటుంది. ఎవరు ముందన్న తగువు ఇంకా తెగలేదు. నాకైతే అందులో పెద్ద ఆసక్తి లేదు.

అసలు మలుపు 1867లో వచ్చింది. ఆ ఏడు రగ్బీ బడి నుంచి చార్లెస్ బారింగ్టన్ అనే కుర్రాడు ట్రినిటీకి వచ్చి, త్వరలోనే క్లబ్ కెప్టెన్ అయ్యాడు. క్లబ్‌కు రాసుకున్నవి గానీ, నోటిమాటగా వచ్చేవి గానీ నియమాలే లేవని అతను తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నాడు. పద్నాలుగేళ్లు అలాగే గడిచాయి మరి! 1868లో అతను, క్లబ్ కార్యదర్శి వాల్ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. బారింగ్టన్ చెబుతుంటే వాల్ రాశాడు. ఐర్లండ్‌లో రగ్బీకి రాతలో దొరికిన తొలి నియమాలు అవే.

ఇందులో అంత విశేషమేముంది అనిపించవచ్చు. కాలేజీ క్లబ్‌కు అసలు శత్రువు ఎదుటి జట్టు కాదు, పట్టా. మూడు నాలుగేళ్లకు చదువు అయిపోతుంది, ఆడేవాళ్లు వెళ్లిపోతారు. ఎంత ఉత్సాహవంతుడైనా తనతోపాటే తన ఆటనూ పట్టుకుపోతాడు. రాసిన నియమం మాత్రం కాలేజీలోనే ఉంటుంది. కొత్తగా చేరినవాడు దాన్ని చదివి మొదలుపెట్టవచ్చు. బయటివాళ్లతో పోటీ కుదరాలన్నా అదే దారి. 1874 మేలో అమెరికాలోని హార్వర్డ్, కెనడాలోని మెక్‌గిల్ తలపడినప్పుడు ఎవరి ఆట వారిదే. చివరికి ఒక రోజు హార్వర్డ్ పద్ధతిలో, మర్నాడు మెక్‌గిల్ రగ్బీ పద్ధతిలో ఆడారు. హార్వర్డ్ వాళ్లకు రెండోదే నచ్చింది. నేటి అమెరికన్ ఫుట్‌బాల్ మూలాల్లో ఆ ఇష్టం ఒకటి.

ఐర్లండ్‌లో ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. బెల్‌ఫాస్ట్‌లో, డబ్లిన్‌లో కొత్త క్లబ్బులు వచ్చాయి. 1874 చివర్లో డబ్లిన్‌లో ఒక సంఘం, వెంటనే 1875లో ఉత్తరాదివాళ్లకు పోటీ సంఘం. 1879లో రెండూ ఒకటయ్యాయి. ఈలోగా 1875 ఫిబ్రవరిలో ఐర్లండ్ జట్టు లండన్ వెళ్లి ఇంగ్లండ్‌తో తొలి అంతర్జాతీయ పోటీ ఆడింది. అప్పుడు జట్టుకు 20 మంది. ఓడిపోయారనుకోండి; మొదటి గెలుపు కోసం 1881 దాకా ఆగాల్సి వచ్చింది.

క్లబ్ తన పుట్టిన ఏడాదిగా 1854నే చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. నన్నడిగితే మాత్రం దానికి ఆయుష్షు పోసిన ఏడాది 1868. డబ్లిన్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులెవరైనా ఈ వ్యాసం చదువుతుంటే, చలికాలంలో ఒకసారి ట్రినిటీ ఆవరణలోని కాలేజీ పార్క్ వైపు వెళ్లి చూడండి. ఆ క్లబ్ ఇప్పటికీ అక్కడే ఆడుతోంది.