కాలని సాక్ష్యము

మదనపల్లె సబుకలెక్టరు కచేరీలో 2024 జూలై 21వ తేది రాత్రి చెలరేగిన మంటలలో భూముల దస్త్రములు పెక్కు భస్మమైన సంగతి మన పాఠకులు మఱచియుండరు. మఱునాడే రాష్ట్ర పోలీసు ప్రధానాధికారి స్వయముగా వచ్చి చూచెను. పిమ్మట నేరపరిశోధకశాఖ దర్యాప్తునకు బూనెను. నిప్పు తానై పుట్టినదా, యెవరైన బెట్టిరా యనునది న్యాయస్థానము తేల్పవలసిన విషయము. దానిపై మే మిచట తీర్పు చెప్పబోము. మాకు గావలసిన ప్రశ్న వేఱు. అసలు దస్త్రము బూడిదయైన పిమ్మట, ఇంట పెట్టెలో ప్రతిని దాచుకొన్న రైతు అది నిజమైన ప్రతియేయని దేనితో నిరూపించుకొనును?

చిత్తూరు సీమలో నిది ఊహామాత్రపు ప్రశ్న గాదు. ఇచట అడంగలులో నొక పేరు, అనుభవములో నింకొక పేరు గల చేలు కలవు. దరఖాస్తు పట్టాలు కలవు. 22-ఏ జాబితాలో జేరి అమ్మకమునకు నోచని సర్వేనంబర్లు కలవు. 1984లో కరణముల యుద్యోగము రద్దగువఱకు గ్రామపు లెక్క కరణము చేతిలో నుండెను; లెక్క దిద్దినాడను నిందయు నాతనిదే. పిదప లెక్క మండల కచేరీకి దరలెను. దిద్దగల చేయి మాఱెను గాని దిద్దుటకు గల వీలు మాఱలేదు.

అసలు నశించినపుడు ప్రతిని సాక్ష్యముగా గ్రహింపవచ్చునని చట్టము చెప్పుచునేయున్నది. కాని ప్రతి నిజమని చూపు భారము దానిని దెచ్చినవానిదే. ఎదురు వకీలు 'ఇది నిన్న కల్పించినది' యన్నచో పేదరైతు ఏమి చెప్పగలడు?

మన పూర్వులు దీనికొక యుపాయ మెఱుగుదురు. దాన మిచ్చినపుడు దానిని పేటికలో దాచక గోడపై జెక్కించిరి. తిరుమల తిరుపతి యాలయముల గోడలపై వేయికి పైబడిన శాసనములు నేటికిని గలవు. దేవస్థానమువారు 1930 మొదలు వానిని సంపుటములుగా బ్రకటించిరి. వచ్చిపోవు యాత్రికు లెల్లరు జూచుచుండ నొక యక్షరము నటునిటు చేయుట యెవరి తరము?

బ్లాక్‌చెయిన్ అను నేటి పద్ధతియు నా జాతిలోనిదే. ఒక పత్రమును గణితప్రక్రియకు లోను చేసినచో నిర్ణీతమైన పొడవుగల యొక సంకేతము వచ్చును; దీనిని హ్యాష్ అందురు. వాడుకలోనున్న యొక పద్ధతిలో నది 64 అక్షరాంకముల వరుస. పత్రములో 1.20 ఎకరములను 1.80 అని దిద్దినచో నా వరుస యంతయు తారుమారగును. ప్రతి పుటయందును దాని ముందరి పుట హ్యాష్ గూడ జేరియుండును గనుక, నడుమ నొకటి మార్చినచో దాని తరువాతి లంకె తెగును. ఈ లెక్కపుస్తకపు ప్రతులు పలువురి యొద్ద నుండును.

ఈ యూహకు మూలపురుషులు హేబరు, స్టార్నెట్టా యను నిరువురు శాస్త్రజ్ఞులు. వారి వ్యాసము 1991 నాటిది. 1995 మొదలు వారి సంస్థ తమ పత్రముల సారసంకేతమును వారమున కొకమాఱు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో, పోయిన వస్తువుల ప్రకటనల నడుమ, అచ్చువేయించెను. అచ్చైన పత్రికను లక్షల యిండ్లనుండి వెనుకకు దెచ్చి దిద్దుట యసాధ్యము గదా! పత్రికావృత్తిలోని మాకీ సంగతి కొంత సంతోషమునే కలిగించినది.

2018లో చైనాలోని హాంగ్‌జౌ నగరపు ఇంటర్నెట్ న్యాయస్థానము ఇట్టి సాక్ష్యమును గ్రహించెను. మనదేశమున 2024 జూలై 1వ తేదినుండి, అనగా మదనపల్లె మంటలకు సరిగా నిరువది దినములు ముందు, అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగముక్రింద దాఖలు చేయు ధ్రువపత్రములో ఎలక్ట్రానిక్ దస్త్రపు హ్యాష్‌ను గూడ జూపవలయును. మన రాష్ట్రప్రభుత్వము 2017లోనే క్రోమావే యను స్వీడను సంస్థతో గూడి భూదస్త్రములను బ్లాక్‌చెయిన్‌పై నెక్కింతుమని ప్రకటించెను.

అయినను ఈ పద్ధతిని మంత్రమని నమ్మువారితో మే మేకీభవింపము. కాలిపోయిన కాగితమును హ్యాష్ తిరిగి బుట్టింపలేదు. మిగిలిన ప్రతి నిజమైనదని మాత్రమే చాటగలదు. మొదటనే యబద్ధము వ్రాసిన నా యబద్ధమే చెక్కుచెదరక నిలుచును. కావున నెక్కించుటకు ముందు గ్రామసభలో చదివి వినిపింపవలయును. అన్ని ప్రతులును నొక్క శాఖవారి యధీనముననే యున్నచో, గొలుసని పేరేగాని యది వారి బీరువాయే.

మేము కోరునది స్వల్పము. మండల కచేరీలో నేటి మార్పులన్నిటి సంకేతమును నేటి సాయంకాలమే జిల్లా న్యాయస్థానమునకు బంపవలయును. రైతునకు తన పట్టా ప్రతితోబాటు దాని హ్యాష్ వ్రాసిన చీటి నీయవలయును. జిల్లా యంతటికిని వారమున కొక్క సంకేతము చాలును. అది యొక్క పంక్తి. దానిని వెల గొనక యచ్చువేయుటకు మేము సిద్ధముగా నున్నాము.