రెండు నెలలు జిమ్‌కి వెళ్ళినా కండ ఎందుకు రావడం లేదు?



సెలవులు అయిపోయి బడి తెరవగానే తొమ్మిది, పదో తరగతి పిల్లలు ఆటల పీరియడ్‌లో అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, రెండు నెలలు జిమ్‌కెళ్ళాను. చెయ్యి చూడండి, అలాగే ఉంది. ప్రోటీన్ పొడి కొనమంటారా?" తల్లిదండ్రుల సమావేశంలో కొందరు నాన్నలు కూడా నవ్వుతూనే ఇదే అడుగుతున్నారు. ఎలక్ట్రానిక్ సిటీలో జిమ్‌లకి కొదవ లేదు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టి రెండో నెలకే మానేసేవాళ్ళకీ కొదవ లేదు. అసలు లోపం ఎక్కడుందో చూద్దాం.

మొదటిది తొందర. కొత్తలో కొన్ని వారాలు బలం పెరుగుతుంది గానీ కండ పెద్దగా కనబడదు. ఆ బలం చాలావరకు నరాల పని. ఉన్న కండనే మెదడు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండ కంటికి ఆనాలంటే నెలలు పడుతుంది. "ముప్పై రోజుల్లో" అనే వీడియోని నమ్మినవాళ్ళు సరిగ్గా ఫలితం మొదలయ్యే వేళకి మానేస్తారు. లేదంటే ఇంకో వీడియో పట్టుకుని మళ్ళీ మొదటికొస్తారు.

రెండోది, చేసిందే చేయడం. శరీరం అలవాటు పడిన పనికి కొత్త కండ కట్టదు. ఈ వారం పది బస్కీలు తీస్తే, వచ్చే వారాల్లో పదకొండు, పన్నెండు అలా మెల్లగా పెంచాలి. ఎన్ని చేశామో నోట్‌బుక్‌లో రాసుకోకపోతే పెంచామో లేదో మనకే తెలీదు.

మూడోది తిండి. పొద్దున ఏమీ తినకుండా స్కూల్ బస్సెక్కి, సాయంత్రం చిప్స్ తింటే కండ దేనితో తయారవ్వాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటుంది, గ్లాసు పాలలో 8. పప్పు, పెరుగు, పెసరట్టు, శనగ గుగ్గిళ్ళు, చేపలు ఉండనే ఉన్నాయి. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దని ఆ సంస్థే 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది.

నాలుగోది నిద్ర. వ్యాయామం కండని అలసటకు గురిచేస్తుంది. అది కోలుకుని గట్టిపడేది విశ్రాంతిలోనే. టీనేజీ పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి పొద్దున ఆరుకి లేచేవాళ్ళకి ఏ ప్రోగ్రామూ పనిచేయదు.

మన కరణం మల్లీశ్వరి గారినే చూడండి. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగారు. చిన్న వయసులోనే బరువులెత్తడం మొదలుపెట్టారు. 1994, 1995లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు గెలిచారు. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. అప్పటికి ఆవిడ వయసు 25. అది ముప్పై రోజుల ఫలితం కాదు, పదేళ్ళకి పైబడిన సాధన.

పిల్లలకి ఒక మాట. మీ వయసులో ఒళ్ళు ఒక్కొక్కరికి ఒక్కోలా ఎదుగుతుంది. పక్కవాడి చెయ్యి చూసి బెంగపడొద్దు. రోజుకి గంట ఆట, అందులో వారానికి మూడు రోజులు బలం పెంచే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దండీలు, బస్కీలు, కబడ్డీ, తాడాట చాలు. బరువులు ఎత్తాలనుంటే పద్ధతి తెలిసిన పెద్దవాళ్ళ ఎదుటే ఎత్తండి.

తల్లిదండ్రులకి ఇంకో మాట. "త్వరగా కండ వస్తుంది" అని ఎవరైనా మాత్రలో ఇంజక్షనో ఇస్తామంటే అక్కడ గట్టిగా ఆపండి. స్టెరాయిడ్లు ఎదిగే పిల్లల ఎముకల పెరుగుదలను ముందే ఆపేయగలవు. ఆగిపోయిన ఎత్తు మళ్ళీ రాదు. మీ అబ్బాయి పొడి డబ్బా అడిగితే తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న ఏం తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో అడగండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

— వ్యాయామ విద్య విభాగం