చదివిన తరగతి తర్వాతిదే

అమెరికాలో కొన్నేళ్ళు ఉండి హైదరాబాద్‌కు తిరిగొచ్చే కుటుంబాలకు ఇల్లు, కారు, గ్యాస్ కనెక్షన్ లాంటివి నెలా రెండు నెలల్లో కుదురుకుంటాయి. తొందరగా తేలనిది పిల్లల తరగతి. బడివాళ్ళు ఒక రాతపరీక్ష పెడతారు. తెలుగు రాదు, హిందీ రాదు, లెక్కలు నెమ్మదిగా చేస్తున్నాడు, కాబట్టి ఒక తరగతి కిందికి వేసుకుందాం అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళది ఇంకో లెక్క: వీడి ఈడువాడే బాబాయి కొడుకు అయిదులోకి వచ్చాడు, వీణ్ణి నాలుగులో వేయడమేమిటి, ఏడాది పోదూ? బడి కిందికి లాగుతుంది, ఇల్లు పైకి లాగుతుంది. ఈ రెండు కొలతలూ పనికిరావు. అక్కడ ఏ తరగతి పూర్తయిందో చూసి దాని తర్వాతి తరగతిలో వేయడమే చాలామంది పిల్లలకు సరైన పని. దీనికి మినహాయింపులు మరీ చిన్నపిల్లల దగ్గర ఒకటి, తొమ్మిదో తరగతి దాటాక ఒకటి ఉన్నాయి. వాటి సంగతి తర్వాత.

ముందు బాబాయి కొడుకు ఎందుకు ముందున్నాడో చూద్దాం. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండిన పిల్లలు కిండర్‌గార్టెన్‌లో, ఆరేళ్ళు నిండినవాళ్ళు ఒకటో తరగతిలో ఉంటారు. మన దగ్గర ప్రైవేటు బడులు చాలాకాలంగా అయిదు నిండగానే ఒకటిలో కూర్చోబెడుతున్నాయి. 2016 డిసెంబరులో పుట్టిన పాప అమెరికాలో 2023 ఆగస్టులో ఒకటో తరగతికి వెళ్ళి, 2026 వేసవికి మూడు పూర్తి చేస్తుంది. అదే నెలలో హైదరాబాద్‌లో పుట్టిన పాప 2022 జూన్‌లోనే ఒకటిలో చేరి, 2026లో అయిదుకు వస్తుంది. ఇద్దరి తెలివిలో తేడా లేదు, బడి మొదలుపెట్టిన ఏడాదిలోనే ఉంది. పైగా ఇప్పుడు దేశం మొత్తం అమెరికా లెక్క వైపే కదులుతోంది. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్ళు ఉండాలంది, కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచే ఆ నియమం పెట్టుకున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఎనిమిది తరగతుల చదువునే లెక్కలోకి తీసుకుంది. అంటే అమెరికా పాప వెనకబడలేదు, ఇక్కడి పాపనే ఏడాది ముందు తోశాం.

అయినా ఏడాది పోతుందన్న బెంగ పెద్దవాళ్ళను వదలదు. పోయేదేమిటో నిలదీసి అడగాలి. వైద్యవిద్యకు రాసే నీట్‌లో గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు, కనీసం 17 ఏళ్ళు ఉండాలన్న నియమం మాత్రం ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలోనైనా ఒకడు పదిహేడుకు, మరొకడు పద్దెనిమిదికి చేరితే ఎవరూ అడగరు. తరగతి దాటించడం వల్ల పోయేది మాత్రం ఖాయంగా ఉంటుంది. నాలుగో తరగతి గణితమంతా వదిలేసి, తెలుగు హిందీలు అక్షరాల దగ్గర ఉండగా, అయిదో తరగతి పిల్లల మధ్య కూర్చోవాలి. దేశం మారిన ఏడాదే ఈ బరువు కూడా ఎత్తడం అనవసరం.

కిందికి వేసుకోమనే బడి వాదన దీనికంటే బలంగా కనిపిస్తుంది, దాన్ని కాస్త తీరిగ్గా చూడాలి. అమెరికా నుంచి వచ్చిన పిల్లలకు లోటు ఎక్కడుందో విడదీస్తే, పాఠ్యాంశాల్లో అనుకున్నంత తేడా ఉండదు. అక్కడ చాలా రాష్ట్రాలు అనుసరించే కామన్ కోర్ ప్రమాణాల ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి ఒక్కంకె సంఖ్యల గుణకారాలన్నీ నోటికి రావాలి, భిన్నాల పరిచయం కావాలి. మన బడుల్లోనూ ఇంచుమించు అవే. తేడా రాతలో, వేగంలో, పరీక్ష పద్ధతిలో ఉంటుంది. దానికి ఒక టర్ము చాలు. భారతదేశ చరిత్ర, భూగోళం తెలియకపోవడం కూడా అంతే, పుస్తకాలు చదివిస్తే వస్తుంది. నిజమైన లోటు భాషది. తెలంగాణలో 2018 చట్టం అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది కాబట్టి దాన్ని తప్పించుకునే దారీ లేదు. కానీ భాష ఒక్క ఏడాదిలో పూడే లోటు కాదు. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ వలస పిల్లల మీద చేసిన పనిలో తేలినదేమిటంటే, కొత్త భాషలో మాట్లాడుకోవడం రెండేళ్ళలో వస్తుంది, ఆ భాషలో చదువు సాగించేంత పట్టు రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లలకు మొదటి మెట్టు తేలికే, చదవడం రాయడం దగ్గరే ఆగిపోతారు. నాలుగులో చదవాల్సినవాణ్ణి మూడులో వేస్తే మూడో తరగతి తెలుగు వాచకం వాడికి అర్థమవుతుందా? కాదు, అది కూడా రెండేళ్ళు తెలుగు చదివినవాళ్ళ కోసం రాసిందే. భాష కోసం ఏడాది వెనక్కి వేస్తే గణితం, సైన్సు, ఇంగ్లీషు మళ్ళీ చదివినదే చదవాలి, భాష మాత్రం అలాగే ఉంటుంది. వాడికి కావాల్సింది రోజూ ముప్పావు గంట విడిగా తెలుగు చెప్పే టీచరు. బడికి కూర్చోబెట్టడం తేలిక, విడిగా చెప్పించడం కష్టం, అందుకే మొదటి సలహాయే ఎక్కువ వినిపిస్తుంది. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ మాత్రం బడికి దూరమైన పిల్లల విషయంలో ఈ తర్కాన్నే తిప్పికొట్టింది. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతావాళ్ళతో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అంది. ఏ చదువూ లేని పిల్లలకే ఆ పద్ధతి పెట్టినప్పుడు, మూడు తరగతులు శుభ్రంగా చదివొచ్చిన పాపను కిందికి దింపడం ఎలా సమంజసం?

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. తరగతిలో పెద్దవయసు పిల్లలే మెరుగ్గా రాణిస్తారు కదా, కిందికి వేస్తే మేలేగా అని. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కెల్లీ బెడార్డ్, ఎలిజబెత్ డ్యూయీ అనే ఆర్థికవేత్తలు 2006లో పలు దేశాల పరీక్ష ఫలితాలను పోల్చి, నాలుగో తరగతిలో అందరికంటే చిన్నవాళ్ళు అందరికంటే పెద్దవాళ్ళ కన్నా 4 నుంచి 12 పర్సంటైళ్ళు వెనక ఉన్నారని, ఎనిమిదో తరగతికి అది 2 నుంచి 9కి తగ్గిందని చూపించారు. అమెరికాలోనే 2018లో వెలువడిన మరో అధ్యయనంలో, సెప్టెంబరు 1 గడువున్న రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టిన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టినవాళ్ళ కంటే ఏకాగ్రత లోపమనే నిర్ధారణ 34 శాతం ఎక్కువగా జరిగినట్టు తేలింది. చిన్నతనాన్ని జబ్బుగా పొరబడే ప్రమాదం ఉందన్నమాట. అయితే ఈ ఫలితాలు పైకి తోయొద్దని చెప్తున్నాయి, చదివినదాన్ని మళ్ళీ చదివించమని చెప్పడం లేదు. ఇవి బడి కాస్త ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళ సంగతి. నార్వేలో 2011 నాటి పరిశోధన పద్దెనిమిదేళ్ళ వయసుకు ఆ తేడా దాదాపు మిగలలేదని కూడా చూపింది. మన అమెరికా పాప, అయిదేళ్ళకే చేర్చుకున్న బడిలో తన వరుస తరగతిలో చేరినా ఎలాగూ పెద్దపిల్లల్లోనే ఉంటుంది. ఆ లాభం ఆమెకు చేతికొచ్చేసినట్టే.

ఏప్రిల్, ఆగస్టు మధ్య పుట్టిన చిన్నపిల్లల దగ్గర మాత్రం నా మాట సడలుతుంది. 2019 జులైలో పుట్టినవాడు అమెరికాలో 2026 వేసవికి ఒకటో తరగతి ముగిస్తాడు. ఏప్రిల్‌లో సంవత్సరం మొదలయ్యే, ఆరేళ్ళు నిండితేనే చేర్చుకునే బడిలో వాడి ఈడువాళ్ళు అప్పుడే ఒకటిలోకి వస్తారు. అక్కడ రెండులో వేస్తే తరగతిలో అందరికంటే చిన్నవాడు వాడే. ఇలాంటివాణ్ణి ఒకటిలో వేయడం తప్పేమీ కాదు, ఆ వయసులో మళ్ళీ చదవడం వల్ల పోయేదీ పెద్దగా లేదు. ఆ తరగతిలో పిల్లలు ఏ నెల నుంచి ఏ నెల మధ్య పుట్టారని బడిని అడిగితే సంగతి తేలిపోతుంది. రాతపరీక్ష మార్కు కంటే ఎంతో పనికొచ్చే సమాచారం అది, అయినా అడిగే తల్లిదండ్రులు తక్కువ. ఆగస్టులో సంవత్సరం మొదలయ్యే అంతర్జాతీయ బడులకు ఫీజు కట్టగలిగినవాళ్ళకు ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

పెద్దపిల్లల దగ్గర ప్రశ్నే మారిపోతుంది. సీబీఎస్ఈలో 9, 10 తరగతులు ఒక జంట, 11, 12 మరో జంట. విద్యార్థి పేరు బోర్డులో నమోదయ్యేది 9లో, 11లో. కాబట్టి 10లోకి, 12లోకి నేరుగా చేరడం మామూలుగా కుదరదు. అమెరికాలో తొమ్మిది ముగించి వచ్చిన పిల్లవాడికి ‘తర్వాతి తరగతి’ అన్న నా సూత్రం ఇక్కడ పనిచేయకపోవచ్చు, మళ్ళీ తొమ్మిదే చదవాల్సి రావచ్చు. అక్కడ పది ముగించి వచ్చినవాళ్ళకైతే ఆ చదువు ఇక్కడి పదికి సమానమన్న గుర్తింపు కాగితం కావాలి. దీనికి తోడు తెలంగాణలో వైద్యవిద్యకు స్థానిక అభ్యర్థి కావాలంటే 9 నుంచి 12 వరకు వరుసగా 4 ఏళ్ళు ఇక్కడే చదివి ఉండాలన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. అమెరికాలో పుట్టి ఓసీఐ కార్డుతో వచ్చినవాళ్ళకు ఇంకో అడ్డంకి: 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ తర్వాత కార్డు తీసుకున్నవాళ్ళు వృత్తివిద్యలో ఎన్నారై సీట్లకే పోటీ పడగలరు. పాప అక్కడ ఎనిమిదిలో ఉందంటే, తిరిగి రావాలన్న ఆలోచన గట్టిదైతే, ఎనిమిది ముగియగానే ఆ జూన్‌కే వచ్చి తొమ్మిదిలో చేర్చడం అన్ని విధాలా సులువు. ఏప్రిల్ నుంచి జరిగిన పాఠాలు వేసవిలోనే చదివించొచ్చు. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ బడుల్లో 9, 10 తరగతులకు మామూలు వాచకం బదులు ‘వెన్నెల’ అనే తేలిక తెలుగు పుస్తకం వాడాలని తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆదేశించింది కాబట్టి, తెలుగు రాదని ఎనిమిదిలో మళ్ళీ కూర్చోబెట్టమని ఏ బడైనా అంటే ఆ పుస్తకం సంగతి అడగొచ్చు.