పాత కారు బాగు.. తేదీ కాదు, గంటలే లెక్క
ఇంటి వద్ద పునరుద్ధరణకు గడువు నిర్ణయించుకోవడం ఎలా?

విజయవాడ: రేకుల షెడ్డులోనో, వేపచెట్టు నీడనో టార్పాలిన్ కప్పుకొని ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న అంబాసిడర్లు, ఫియట్లు కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. తాతగారు పంట డబ్బుతో కొన్నది ఒకటి, తండ్రి ఉద్యోగ విరమణ నాడు తెచ్చుకున్నది మరొకటి. ఇంట్లో పెళ్లి కుదిరిందంటే అందరి చూపూ ఆ కారు మీదికి మళ్లుతుంది. 'ఇంకా ఆరు నెలలుంది. ఈలోగా బాగుచేసి పెళ్లికూతుర్ని అందులోనే మండపానికి తీసుకెళదాం' అని ఎవరో ఒకరు అంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆరు నెలలు గడిచేసరికి ఇంజిన్ ఒకచోట, తలుపులు మరోచోట, బోల్టులు డాల్డా డబ్బాల్లో ఉంటాయి. పెళ్లికూతురు అద్దె కారులో వెళ్తుంది. ఆ తరువాత ఉత్సాహం సన్నగిల్లుతుంది. చివరికి ఏదో ఒక వేసవిలో ఆ భాగాలన్నీ కిలోల లెక్కన తుక్కు దుకాణానికి చేరతాయి. విప్పకముందు అది కనీసం కారు. సగంలో వదిలేశాక కొనేవారికీ పనికిరాదు, ఉంచుకునేవారికీ పనికిరాదు. చాలా సందర్భాల్లో దీనికి కారణం నైపుణ్యం లేకపోవడం కాదు. పని ఎంతో తెలియకముందే తేదీ నిర్ణయించుకోవడం.

లెక్క ఎందుకు తప్పుతుంది?

పని పూర్తికి పట్టే కాలాన్ని తక్కువగా ఊహించుకోవడం మనిషి స్వభావంలోనే ఉన్నది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ పొరపాటును గుర్తించి దానికి పేరు పెట్టారు. 1994లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో, విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసం సగటున 34 రోజుల్లో పూర్తవుతుందని అంచనా వేసుకున్నారు. వాస్తవానికి సగటున 55 రోజులు పట్టింది. అంచనా వేసేటప్పుడు పని సాఫీగా సాగే దారి ఒక్కటే మనసులో మెదులుతుంది. విరిగే బోల్టు, దొరకని విడిభాగం, జ్వరం, బంధువుల రాక లెక్కలోకి రావు.

దీనికి ఆ శాస్త్రవేత్తలు సూచించిన విరుగుడు సులభమైనదే. సొంత ఊహను పక్కనపెట్టి, అలాంటి పనినే పూర్తిచేసిన ఇతరులకు ఎంతకాలం పట్టిందో తెలుసుకోవాలి. అదే రకం కారును బాగుచేసుకున్న ఇద్దరు ముగ్గురిని 'ఎన్నాళ్లు అనుకున్నారు? ఎన్నాళ్లు పట్టింది?' అని అడిగితే, ఆ రెండు అంకెల మధ్య తేడాయే సగం పాఠం చెబుతుంది.

ముందు పరీక్ష, ఆ తరువాతే తేదీ

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్ ఉత్పత్తి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. నేటి కార్లతో పోలిస్తే వీటి యంత్రాంగం సరళం. సాధారణ పనిముట్లతో ఇంటి వద్ద చేయదగిన పని వీటిలో చాలా ఉంది. అయితే రెండింటికీ లారీకి ఉన్నట్లు విడి ఛాసీ ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది. అందువల్ల నేల రేకుకు, తలుపుల కింది పట్టీలకు, వెనుక స్ప్రింగులు బిగించే చోట్లకు పట్టిన తుప్పు అందానికి సంబంధించిన లోపం కాదు, భద్రతకు సంబంధించినది.

పరీక్షకు ఒక ఆదివారం చాలు. మ్యాట్లు తీసి, కారు కింద గట్టి స్టాండ్లు పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో ఈ భాగాలన్నింటినీ పొడిచి చూడాలి. మొన దిగబడితే అక్కడ కొత్త రేకు వెల్డింగ్ చేయవలసిందే. అయస్కాంతం అంటుకోని చోట రేకు మీద పుట్టీ మందంగా ఉన్నట్లు లెక్క. ఏళ్లుగా నిలిచిన ఇంజిన్‌ను వెంటనే సెల్ఫ్ కొట్టి తిప్పరాదు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు మూడు రోజులు వదిలి, ఆ తరువాత చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే ఒక గడువు, తిరగకపోతే మరో గడువు. ఈ పరీక్ష జరగకుండా చెప్పే ఏ తేదీ అయినా గాలిలో మేడే.

గంటల్లో లెక్కిస్తే..

'ఆరు నెలలు' అనేది పని కొలత కాదు. వారానికి ఎన్ని గంటలు చేయి తిరుగుతుందన్నదే కొలత. ఉద్యోగమో వ్యాపారమో చేసుకునే వ్యక్తికి ఆదివారం 5 గంటలు, మామూలు రోజుల్లో రెండు సాయంత్రాలు గంటన్నర చొప్పున, మొత్తం వారానికి 8 గంటలు దొరకడమే గొప్ప. ఏడాదిలో 52 వారాలున్నా పండుగలు, శుభకార్యాలు, ప్రయాణాలు, అనారోగ్యం, మే నెల ఎండలు తీసేస్తే మిగిలేవి 40 వారాలు. అంటే ఏడాదికి 320 గంటలు.

తుప్పు ఓ మోస్తరుగా ఉన్న కారును పూర్తిగా విప్పి బాగుచేయాలంటే లెక్క సుమారుగా ఇలా వేసుకోవచ్చు. కారు స్థితిని బట్టి అంకెలు మారతాయి గానీ పద్ధతి మారదు.

• విప్పడం, ఫొటోలు తీయడం, భాగాలకు చీటీలు కట్టడం: 60 గంటలు
• ఇంజిన్, గేర్‌బాక్సు: 90 గంటలు
• బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగ్: 80 గంటలు
• తుప్పు తొలగింపు, వెల్డింగ్, టింకరింగ్: 200 గంటలు
• పుట్టీ, ప్రైమర్, పెయింటు: 100 గంటలు
• వైరింగ్: 50 గంటలు
• సీట్లు, అద్దాలు, రబ్బర్లు: 60 గంటలు
• బిగింపు, పరీక్షలు: 80 గంటలు

మొత్తం 720 గంటలు. దీనికి ఊహించని అవాంతరాల కింద కనీసం మూడో వంతు, అంటే 240 గంటలు కలపాలి. 960 గంటలు అయింది. ఏడాదికి 320 గంటల చొప్పున సరిగ్గా మూడేళ్లు. ఆరు నెలలు అనుకున్న పని అసలు పొడవు ఇదీ. ఈ అంకె నిరాశ కలిగించవచ్చు. కానీ మూడేళ్లని తెలిసి మొదలుపెట్టినవారు ఏడాది గడిచాక కారు సగంలో ఉంటే కంగారుపడరు. ఆరు నెలలనుకున్నవారే అప్పటికి చేతులెత్తేస్తారు.

బయటి పని, వాన కాలం

గంటల లెక్కలోకి రానివి నిరీక్షణ రోజులు. ఇంజిన్ బోరు, క్రాంక్ గ్రైండింగ్, రేడియేటర్ పని, సీట్ల కుట్టు ఇంటి వద్ద జరిగేవి కావు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పనులన్నింటికీ దుకాణాలున్నాయి. అయితే బాడుగ వాహనం ఒక్కరోజు ఆగినా యజమానికి నష్టం కనుక సహజంగానే దానికే ముందు వరుస. ఇంటి కారు ఇంజిన్ మూలన వేచి ఉంటుంది. అందుకే బయటికి ఇవ్వవలసినవి ముందుగా ఇచ్చేసి, అవి తిరిగి వచ్చేలోగా ఇంటి పని చేసుకోవాలి. దొరకడం కష్టమైన విడిభాగాల జాబితా మొదటి నెలలోనే రాసుకొని వెతుకులాట ప్రారంభించాలి. పాత భాగాన్ని, కొత్తది చేతికి వచ్చేవరకు ఎంత పాడైనదైనా పారేయరాదు. నమూనాగానైనా పనికివస్తుంది.

కోస్తా వాతావరణం మరో లెక్క. జూన్ నుంచి నైరుతి, అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు రంగు వేస్తే పైపొర తెల్లగా పాలిపోయే ప్రమాదం ఉంది. గీకి తెల్లగా చేసిన రేకుకు ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ తుప్పు మొదలవుతుంది. పుట్టీ కూడా తేమను పీల్చుకుంటుంది. అందువల్ల ఆ రోజు ప్రైమర్ వేయగలిగినంత రేకునే ఆ రోజు గీకాలి. రంగు పనిని సంక్రాంతికి, ఉగాదికి మధ్య పెట్టుకోవడం మేలు. ఆ కాలం దాటిపోతే తొందరపడి వానల్లో రంగు వేయడం కంటే మరుసటి సంక్రాంతి వరకు ఆగి, ఈలోగా వైరింగ్, సీట్ల పని చూసుకోవడమే లాభం.

కాగితాలకూ గడువుంది

కారు సిద్ధమైనా కాగితాలు లేకపోతే రోడ్డెక్కదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత రవాణా శాఖ తనిఖీ చేయించుకొని అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కారు మరణించిన తాతగారి పేరునే ఉంటే, ముందుగా ఫారం 31 ద్వారా వారసుల పేరుకు మార్చుకోవలసి ఉంటుంది. మధ్యలో ఎప్పుడో పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ వేయించి, ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించని కార్లూ ఉంటాయి. ఇంజిన్, ఛాసీ నంబర్లు పత్రంతో సరిపోతున్నాయో లేదో మొదటి వారంలోనే చూసుకోవాలి. వెల్డింగ్ పనిలో ఛాసీ నంబరు ఉన్న రేకును కోయరాదు.

తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇస్తూ కేంద్రం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది. అయితే అలాంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకే నడపాలి. రోజువారీ ప్రయాణాలకు అనుమతి లేదు. ఏ దారి ఎంచుకోవాలో పని ప్రారంభంలోనే తేల్చుకోవడం అవసరం.

పెళ్లి తేదీ కదలదు.. పనిని తగ్గించాలి

తేదీ, పని.. ఈ రెండింటిలో ఒకదాన్నే గట్టిగా పట్టుకోగలం. పని మొత్తం జరగాలంటే తేదీని వదలాలి. ముహూర్తం కదలదు గనుక, ఆరు నెలలే ఉంటే పనిని కుదించాలి. బాడీ గట్టిగా ఉండి, ఇంజిన్ తిరుగుతున్న కారుకు ఇది సాధ్యమే. బ్రేకులు, స్టీరింగ్‌కు 60 గంటలు, పెట్రోలు సరఫరా, రేడియేటర్‌కు 30, వైరింగ్‌కు 15, టైర్లు, సీట్లు, శుభ్రతకు 15 చొప్పున 120 గంటలు. మూడో వంతు కలిపితే 160. వారానికి 8 గంటల లెక్కన 20 వారాలు. మిగిలిన ఆరు వారాలు వృథా దినాలకు, పరీక్షలకు సరిపోతాయి. కొత్త రంగు, మెరిసే బంపర్ల సంగతి పెళ్లి తరువాత చూసుకోవచ్చు. పాత రంగునే పాలిష్ చేసి పూలదండ వేస్తే చాలు.

ఏది తగ్గించినా బ్రేకుల్లో మాత్రం రాజీ కూడదు. ఏళ్లుగా నిలిచిన కారులో వీల్ సిలిండర్లు బిగుసుకుపోతాయి, రబ్బర్లు గట్టిపడతాయి. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకొని ఉంటుంది. ఇవన్నీ మార్చవలసిందే. పాత టైర్లు అరగనట్లు కనిపించినా పదేళ్లు దాటితే నమ్మరాదు. నేడు బంకుల్లో లభించే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నందున, పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ ప్యాకింగులు తీసేసి దానికి తట్టుకునేవి వేయించాలి.

ఊరేగింపు పరీక్ష కూడా విడిగా చేసుకోవాలి. మేళతాళాల వెంట కారు గంటసేపు మొదటి గేరులో నడుస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. రోడ్డు మీద చక్కగా పరుగెత్తిన కారే ఊరేగింపులో ఆవిరి కక్కుతుంది. పెళ్లికి కనీసం నెల ముందే తొలుత ఖాళీ స్థలంలో, తరువాత ఊరి చుట్టూ, ఆ పైన 50 కిలోమీటర్లు నడిపి, ఒక సాయంత్రం గంటసేపు నడక వేగంతో తిప్పి చూడాలి. పరీక్షలో తేలిన లోపం సరికాకపోతే, నేల రేకో స్ప్రింగుల చోటో కుళ్లి ఉంటే, మనుషులను ఎక్కించరాదు. కడిగి, అలంకరించి మండపం ద్వారం వద్ద నిలిపి ఉంచినా తాతగారి కారు పెళ్లికి వచ్చినట్లే.

మిగిలిన పనికి మెట్లు

మిగతా పునరుద్ధరణను మొత్తంగా కాక మెట్లుగా విభజించుకోవడం మంచిది. ఒక భాగం పూర్తయి బిగించిన తరువాతే మరో భాగాన్ని విప్పితే కారు ఎప్పుడూ తోస్తే కదిలే స్థితిలోనే ఉంటుంది. నెలకు ఎంత ఖర్చు పెట్టగలరో కూడా ముందే రాసుకోవాలి. డబ్బు ఆగితే పనీ ఆగుతుంది. ప్రతి మెట్టుకూ అంచనా గంటలు, పట్టిన గంటలు గోడ క్యాలెండర్ మీద పక్కపక్కనే రాస్తే మూడో మెట్టుకల్లా అసలు వేగం తెలిసిపోతుంది. కారు పూర్తయ్యే తేదీని బంధువులకు అప్పుడు చెప్పడమే సబబు.