గాయం మానే కథ ఎవరు రాస్తారు?

రామకృష్ణాపూర్‌లో మనసు విరిగిన సంగతి ఇంట్లో దాగదు. సింగరేణి క్వార్టర్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. రాత్రి షిఫ్టుకని చెప్పి బయల్దేరినవాడు నిజంగా ఎక్కడికి పోయాడో, మొదటి షిఫ్టు వాళ్లు బాయికి పోయే వేళకల్లా వాడకట్టంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చుంటారు. తప్పెవరిదో తేలుస్తారు, ఎంత కట్టాలో తేలుస్తారు. "అయ్యిందేదో అయ్యింది, ఊకో బిడ్డా" అని లేస్తారు. ఆ బిడ్డ తర్వాత ఎట్లా తేరుకుంటుందన్నది మాత్రం ఏ పంచాయితీలోనూ మాటకు రాదు.

మన సాహిత్యం కూడా చాలాకాలం ఇక్కడే లేచి వెళ్లిపోయింది. ప్రేమ విఫలమైతే మగవాడు ఏం చేయాలో 1953 నాటి 'దేవదాసు' సినిమా తెలుగువాళ్లకు నేర్పింది: తాగాలి, తాగి పోవాలి. అది శరత్ నవల నుంచి వచ్చిన కథ. ఒళ్లు హూనమయ్యే పనికి మందు తోడుచేసుకునే బొగ్గు ఊళ్లలో ఆ పాఠం ఎన్ని ఇళ్లు కూల్చిందో చెప్పనక్కర్లేదు. చలం 'మైదానం'లో రాజేశ్వరి మొగుణ్ణి, పరువును వదిలి అమీర్ వెంట వెళ్లింది. అతని మనసు మరో పిల్ల మీదికి మళ్లినప్పుడు ఆమె పడిన యాతనను చలం రాసినంత దగ్గరగా మరొకరు రాయలేదు. కానీ ఆ కథ నెత్తుటితో ముగుస్తుంది. రాజేశ్వరికి తేరుకునే రోజు రాలేదు.

ఆ రోజును రాసింది ఓల్గా. ఆమె 'విముక్త' కథల సంపుటి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. అందులో 'సమాగమం' కథ ఒక్కటి చాలు. రాముడు వదిలేసిన సీత వాల్మీకి ఆశ్రమంలో పిల్లల్ని పెంచుకుంటోంది. అడవిలో ఒక అందమైన తోట ఉందని, ఆ తోట యజమానురాలికి ముక్కుచెవులు లేవని పిల్లలు వచ్చి చెబుతారు. సీతకు అర్థమవుతుంది, ఆమె శూర్పణఖ అని. వెళ్లి కలుస్తుంది. రాముణ్ణి కోరి అవమానం పాలైనది ఒకరు, రాముణ్ణి పెళ్లాడి అడవి పాలైనది ఒకరు. ఆ ఇద్దరూ ఎదురుబడితే నిష్ఠూరాలుంటాయని అనుకుంటాం. ఓల్గా వాళ్లను తోటలో కూర్చోబెట్టింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది శూర్పణఖ తన కోపాన్ని దాచకపోవడం. అందమైనదాన్ని చూస్తే ద్వేషం కలిగిన రోజులు ఆమెకు ఉన్నాయి. ఆ దశ దాటడానికి ఆమెకు ఏ మహర్షి ఉపదేశమూ అక్కరకు రాలేదు. మట్టి తవ్వింది, మొక్క నాటింది, ఏళ్లు పట్టింది. ఆ పని చేసిన చేతుల మీద ప్రేమ పుట్టింది, తర్వాత తన మీద. ఆమెకో తోడు దొరికింది కూడా, సుధీరుడు. అయితే అతను వచ్చి ఆమెను బాగుచేయలేదు. ఆమె కోలుకున్నాక వచ్చాడు. ఈ వరస ముఖ్యం. "ఇంకో సంబంధం చూద్దాం, అదే సర్దుకుంటది" అనే మన పెద్దల మందును ఓల్గా ఇక్కడ పూర్తిగా తిప్పేసింది.

ఇటలీలో ఎలెనా ఫెరాంటే 2002లో ఇదే బాధ మీద నవల రాసింది. ఓల్గా పేరే ఉన్న ఆ నాయికను భర్త వయసులో చిన్నదైన అమ్మాయి కోసం వదిలేస్తాడు. ఆమెను వెంటాడేది చిన్నప్పుడు తన వీధిలో చూసిన ఒక ఆడమనిషి. మొగుడు విడిచిపెడితే ఏడ్చి ఏడ్చి అందరి జాలికీ గురై చివరికి నీళ్లలో పడిన మనిషి. నేనూ అలాగే అయిపోతానా అని ఆమె భయం. ఆ భయం తెలియని ఆడపిల్ల మన కాలనీల్లో ఉండదు.

అయితే బొగ్గుబెల్టులో ఈ దెబ్బ మనసుతో ఆగదు. క్వార్టరు ఉద్యోగి పేరు మీద ఉంటుంది. కంపెనీ ఆసుపత్రిలో వైద్యం అతని కార్డు మీద నడుస్తుంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు, కేంద్రం ఆ ఆంక్షను సడలించింది 2019లోనే. కాబట్టి జీతమూ ఇల్లూ తరాలుగా మగవాడి చేతిలోనే ఉన్నాయి. మోసపోయిన రోజునే ఆమెకు నెత్తిమీద నీడ కూడా అనుమానంలో పడుతుంది. కోర్టులో మనోవర్తి అడగవచ్చు, పెళ్లి పేరుతో మోసం చేసి లొంగదీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష ఉంది. అవి కావలసినవే. కానీ రాత్రి నిద్రపట్టని మనిషికి సెక్షన్లు సరిపోవు.

అల్లం రాజయ్య, పి. చందు వంటి రచయితలు సింగరేణి కార్మికుల బతుకును, పోరాటాన్ని తెలుగు సాహిత్యంలో నిలబెట్టారు. ఆ బాట మీదనే ఇంకో నవల రావాలి. వదిలేయబడి, అదే వాడలో తలెత్తుకొని, కుట్టుమిషనో కూరగాయల బండో నడుపుకుంటూ నిలబడ్డ ఆమె కథ కావాలి. ఆమె ఏడుపును కాదు, ఆమె తేరుకున్న ఏళ్లను రాయాలి. మంచిర్యాల, మందమర్రి, గోదావరిఖనిలో కలం పట్టిన అమ్మాయిలారా, ఆ మనిషి మీ పక్క క్వార్టర్లోనే ఉంది. అడిగి, ఆమె ఒప్పుకుంటే రాయండి.

ఈలోగా గుండె బరువు మోస్తున్నవాళ్లు ఒంటరిగా మోయకండి. మహిళలకు 181, మనసు బాధకు టెలిమానస్ 14416, రెండూ ఉచితంగా పలుకుతాయి.