రాత్రి ఛాయాచిత్రమున ముఖము, దాని వెనుకటి చీకటి

రాత్రివేళ ఫోటో తీయుట యనగా వెలుతురు లేని చోటికి వెలుతురును మనమే తీసికొనిపోవుట. పగటి సూర్యుడు ముఖమునకును, గోడకును, దూరపు చెట్టునకును ఒకే తీరున వెలుగు నిచ్చును. కెమెరాతోడి ఫ్లాష్ దీపము అట్లు చేయదు. అది దగ్గరనున్న దానికి మెండుగను, దూరముననున్న దానికి కొంచెముగను వెలుగును పంచును. ఈ స్వభావమును తెలిసి వాడుకొన్నవారికి ముఖము వెలుగునందును, వెనుకటి భాగము నీడయందును నిలిచి, మనిషి యొక్కడే కంటికి కనిపించు పటము లభించును. తెలియక వాడినవారికి వెలవెలబోయిన ముఖము, దాని ప్రక్కనే గోడమీద నల్లని నీడ, గోడకు వ్రేలాడు క్యాలెండరు, స్విచ్చుల పలక, అన్నియు సమానముగ కనిపించు పటము లభించును.

మన పెండ్లిండ్లను తలచుకొన్నచో ఈ విషయముయొక్క ప్రాముఖ్యము తేటపడును. ముహూర్తము అర్ధరాత్రి దాటిన తరువాత పడుట మనకు క్రొత్త కాదు. చుట్టపక్కము లందరు ఒకచోట చేరునది ఆ రాత్రియే. దూరపు ఊరినుండి బస్సెక్కి వచ్చిన మేనత్తగారును, పట్టుపంచె కట్టుకొని కుర్చీలో కూర్చున్న తాతగారును మరియొకనాడు ఫోటో కొఱకై కూర్చుందురన్న నమ్మకము లేదు. కొన్ని యేండ్ల తరువాత, వారు లేనప్పుడు, ఆ రాత్రి తీసిన పటములోనుండియే ముఖమును పెద్దది చేయించి, చట్రము కట్టించి, గోడకు తగిలించి దండ వేయుదురు. అట్టి పటమున ముఖము తెల్లబారి, వెనుక ప్లాస్టిక్ కుర్చీల వరుసయు, నీళ్ల డబ్బాలును మెఱయుచున్నచో, ఆ లోపమును సవరించుటకు మరల ఆ మనిషి దొరకడు.

రాత్రి చిత్రములకై మనుష్యుడు పడిన పాటు చిన్నది కాదు. 1887లో జర్మనీ దేశమున మీథె, గేడికె అను నిరువురు మెగ్నీషియము పొడిలో పొటాషియము క్లోరేటును కలిపి మందు చేసిరి. అది భగ్గున మండి కన్నులు మిఱుమిట్లు గొలుపు వెలుగు నిచ్చెడిది. పొగయు, ప్రమాదమును వెంట నుండెడివి. న్యూయార్కు నగరపు పేదల యిరుకు గదులలోని చీకటిని జేకబ్ రీస్ అను పత్రికా విలేఖరి ఇట్టి మందుతోనే వెలిగించి, ఆ పటములు ఆధారముగా 1890లో గ్రంథము ప్రచురించెను. అమెరికాలోనే జార్జి షైరాస్ రాత్రులందు పడవపై సరస్సున తిరిగి, నీటి యొడ్డుకు వచ్చిన లేళ్లను చిత్రించెను. ఆ చిత్రములు 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికయందు వెలువడెను. వానిలో లేడి తెల్లగా వెలుగుచుండును. దాని వెనుకటి అడవి కారుచీకటి. ఆ చీకటిని షైరాస్ పూసినది కాదు. దీపపు వెలుగు లేడివఱకు చేరి, దూరపు అడవికి చేరలేకపోయెను. 1930 ప్రాంతమున గాజు బుడ్డిలో మండు ఫ్లాష్ బల్బులు వచ్చెను. ఆ దశకముననే హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు విద్యుత్తును నిలువచేసి, వాయువు నింపిన గొట్టమున ఒక్క క్షణములో విడుదలచేయు ఎలక్ట్రానిక్ దీపమును ప్రయోగములచే పెంపొందించెను. నేడు మన చేతులలోనున్నది ఆ సంతతి దీపమే.

ఇక సూత్రమునకు వత్తము. రేడియోలో బొమ్మ గీసి చూపుటకు వీలులేదు గనుక శ్రోతలు మనసున ఒక గదిని ఊహించుకొన వలెను. దీపమునకు 4 అడుగుల దూరమున తాతగారు కూర్చున్నారు. ఆయన వెనుక 4 అడుగులలో గోడ కలదు. అనగా దీపమునుండి గోడ 8 అడుగులు. దూరము రెండింతలైనది, కాని వెలుగు సగము కాదు, నాలుగవ వంతగును. దూరము ఎన్ని రెట్లు పెరిగినదో ఆ సంఖ్యను అదే సంఖ్యతో గుణింపగా వచ్చినంత రెట్లు వెలుగు తగ్గును. కెప్లరు 1604లో ప్రకటించిన దృశ్యశాస్త్ర గ్రంథమున ఈ నియమమును చెప్పెను. గోడ 16 అడుగుల దూరమున నున్నచో వెలుగు పదునాఱవ వంతు మాత్రమే. వెలుగు సగమగుటను ఛాయాగ్రాహకులు ఒక స్టాపు అందురు. ఆ లెక్కను 8 అడుగుల గోడ రెండు స్టాపులును, 16 అడుగుల గోడ నాలుగు స్టాపులును ముఖముకంటె చీకటిగా నుండును.

ఇప్పుడు తాతగారిని కదపక, గోడను కదపక, దీపమును మాత్రము 12 అడుగుల దూరమునకు జరిపి చూడుడు. ముఖమునకు 12, గోడకు 16. లెక్క కట్టినచో గోడకు చేరు వెలుగు ముఖముపై వెలుగులో సగముకంటె కొంచె మెక్కువే. ఇంతకుముందు నాలుగవ వంతు వెలుగుతోనున్న గోడ యిపుడు రెండింతలకు పైగా వెలిగినది. కావున మొదటి నియమము: దీపమును మనిషికి దగ్గరగా తెచ్చి, మనిషిని గోడకు దూరముగా తేవలెను. పెక్కుమంది ఇందుకు విరుద్ధముగ, మనిషిని గోడ కానించి నిలిపి, తాము గది చివరకు పోయి తీయుదురు. మనిషిని గోడనుండి నాలుగడుగులు ముందునకు పిలిచినంతనే సగము పని నెరవేఱును. గోడమీది నల్లని నీడయు పలుచబడును. ఈ లెక్క ముందున్న వస్తువులకును వర్తించును. ముఖము 4 అడుగులలో నుండగా, తెల్లని ఉత్తరీయముతో పురోహితులవారు 2 అడుగులలో అడ్డువచ్చినచో, వారిపై నాలుగు రెట్లు వెలుగు పడి ఆ వస్త్రము సున్నపు ముద్దవలె కనిపించును.

రెండవ విషయము కొంత సూక్ష్మమైనది. రాత్రి తీయు పటమున రెండు వెలుగులు కలిసియుండును. ఒకటి మన ఫ్లాష్ వెలుగు. రెండవది అచ్చట ముందే యున్న వెలుగు, అనగా ట్యూబులైట్లు, పందిరి దీపములు, వీధి దీపములు. ఈ రెండింటిని వేఱువేఱుగా తగ్గించుటకును పెంచుటకును ఉపాయము కలదు. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వెలుగు పూర్ణశక్తితో నైనను సుమారు సెకనులో వెయ్యవ వంతు కాలము మాత్రమే యుండును. షట్టరు సెకనులో 30వ వంతు తెఱచియున్నను, 200వ వంతు తెఱచియున్నను, ఆ మెఱుపు అంతయు లోనికి వచ్చును. కాని ట్యూబులైటు వెలుగు నిలుకడగా నుండునది. షట్టరు ఎంతసేపు తెఱచియున్న అంత వెలుగు లోనికి వచ్చును. కావున షట్టరు వేగమును 30నుండి 250కి పెంచినచో ముఖముపై ఫ్లాష్ వెలుగు తగ్గదు. వెనుకటి గది వెలుగు మాత్రము ఎనిమిదవ వంతుకు పడిపోవును. లెన్సు రంధ్రమును చిన్నది చేసినను, ఐ.ఎస్.ఓ. అంకెను తగ్గించినను రెండు వెలుగులును కలిసి తగ్గును. అప్పుడు ఫ్లాష్ శక్తిని ఆ మేరకు పెంచి ముఖమును నిలబెట్టుకొన వచ్చును.

షట్టరు వేగమునకు ఒక హద్దు కలదు. నేటి కెమెరాలలో పెక్కింటికి ఫ్లాష్‌తో కలిసి పనిచేయు గరిష్ఠ వేగము 200 లేక 250. దానిని మించినచో షట్టరు తెరలు రెండును ఒక సన్నని సందు విడిచి యొకదాని వెంట నొకటి పరుగిడును. మెఱుపు వెలిగిన క్షణమున తెర కప్పియున్న భాగము పటమున నల్లని పట్టెగా మిగులును.

ఇక ఆచరణక్రమమును చెప్పెదను. మొదట ఫ్లాష్‌ను ఆర్పి, షట్టరు 200, రంధ్రము ఎఫ్ 5.6, ఐ.ఎస్.ఓ. 200 ఉంచి ఒక పటము తీయుడు. సాధారణమైన యింటి గదిలో ఆ పటము ఇంచుమించు నల్లగా వచ్చును. అట్లు వచ్చినచో గది వెలుగుతో మనకు జోక్యము లేకుండ పోయినదని గుఱుతు. పిదప ఫ్లాష్‌ను వెలిగించి, చిన్న శక్తితో నారంభించి, ముఖము తృప్తికరముగ కనిపించువఱకు పెంచుకొనుచు పోవలెను. ఐ.ఎస్.ఓ. 100 వద్ద గైడు అంకె 32 మీటర్లుగా గల దీపమును నాలుగున్నర అడుగుల దూరమున నేరుగా ఉంచినచో, ముప్పది రెండవ వంతు శక్తి చాలును. గొడుగు తొడిగినచో మఱికొంత పెంచవలెను. చివరకు, వెనుకటి భాగము మఱీ చీకటియైనదని తోచినచో, షట్టరును 60కి, 30కి దించుచు కావలసినంత వెలుగును లోనికి రానీయవచ్చును. అప్పుడు ఎదుటివారు కదలక కూర్చుండవలెను. కదలినచో ముఖము చుట్టు మసక జాడ పడును.

నేటి కల్యాణమండపములలో వేదిక వెనుక ఎల్.ఇ.డి. తెరలు నిలుపుచున్నారు. అవి స్వయముగ వెలుగు వస్తువులు గనుక దూరపు లెక్క వానిని తగ్గింపదు. షట్టరు వేగమే తగ్గింపవలెను. వేగ మెక్కువైనచో కొన్ని తెరలపై చారలు పడును గనుక ముందుగా నొక పటము తీసి చూచుకొనుట మేలు.

దీపము ఏ దిక్కునుండి వచ్చుచున్నదన్నదియు ముఖ్యమే. కెమెరాపై దీపముంచి నేరుగా కొట్టినచో వెలుగు ముఖమును దాటి గోడకే పోవును. దీపమును విడదీసి ఒక ప్రక్కకు, కొంచెము ఎత్తున ఉంచినచో, మిగిలిన వెలుగు పటములో పడని ప్రక్కగోడకు పోవును. దీపమునకును వెనుకటి గోడకును నడుమ ఒక నల్లని అట్టముక్కను అడ్డుగా పెట్టిన నింకను మంచిది. తెల్లని కప్పునకు వెలుగును కొట్టి దించు పద్ధతి ముఖమునకు మెత్తదనము నిచ్చును గాని, ఆ వెలుగు గదియంతయు పరచుకొనును. చీకటి వెనుకభాగము కోరువారు దానిని మానవలెను. గోడపై దేవుని పటముల అద్దములున్నను, గోడకు నూనెరంగు పూసియున్నను, దీపము వానియందు ప్రతిఫలించి తెల్లని మచ్చ పడును. ఒక అడుగు ప్రక్కకు జరిగినచో అది తొలగును.

ఇచ్చట మనవారికి ప్రత్యేకముగ సంబంధించిన మాట యొకటి కలదు. కెమెరాను తన యిష్టమునకు విడిచినచో, అది పటములోని చీకటిని చూచి, వెలుగు చాలలేదని తలచి, ఫ్లాష్‌ను హెచ్చించు ప్రమాదము కలదు. చీకటి చీకటిగనే యుండును. ఆ హెచ్చిన వెలుగంతయు ముఖముపై పడును. చామనచాయ తెల్లబారును, నల్లని ముఖముపై నుదురును ముక్కును చెమటతో కలిసి తళతళలాడును. పెండ్లికూతురి మేనిచాయ ఆమె సొంత చాయ. పటమున దానిని సున్నము కొట్టినట్లు మార్చుట ఆమెను అందముగ చూపుట కాదు, మఱియొకరిని చూపుట. తల్లి తన బిడ్డను గుర్తుపట్టు చాయయే సరియైన చాయ. కావున వెనుకటి భాగము చీకటియైన కొలది ఫ్లాష్‌ను ఒక స్టాపు తగ్గించి చూచుకొనుచుండవలెను. తెల్లని పంచెయు, తెల్లని చీరయు పటమును నిండియున్నచో దీనికి విరుద్ధముగ జరుగును. కెమెరా జంకి వెలుగు తగ్గింపగా ముఖము మాడినట్లగును.

చీకటి మితిమీరినను దోషమే. అరుంధతీ దర్శనమునకు వధూవరులను ఆరుబయటికి తెచ్చినప్పుడు వారి వెనుక గోడ లేదు, ఆకాశమే. వెలుగు తగిలి తిరిగివచ్చుటకు ఏమియు లేకపోవుటచే వెనుకభాగము దానంతట నదే కాటుక నలుపగును. మన తల వెండ్రుకలును నలుపే. జడ యెక్కడ ముగిసినదో, రాత్రి యెక్కడ ఆరంభమైనదో తెలియక, ముఖము చీకటిలో తేలు ముసుగువలె కనిపించును. దీనికి మందు, వారి వెనుక ఒక ప్రక్కగా చిన్న దీపము నుంచి తలయంచున సన్నని వెలుగురేఖ పడనిచ్చుట. అది లేకున్న, పందిరికి కట్టిన దీపాల తోరణము వారి వెనుక వచ్చునట్లు నిలిపి, షట్టరును 30కి దించిన చాలును. ముఖముకంటె రెండు మూడు స్టాపులు తక్కువగా వెనుకటి పందిరి కనిపించుచున్నచో, అది పెండ్లియనియు తెలియును, చూపును చెదరదు.

సెల్‌ఫోనుతో తీయువారికి ఒక మాట. ఫోనులోని దీపము సామాన్యముగ క్షణకాలపు మెఱుపు కాదు. అది సన్నని ఎల్.ఇ.డి. వెలుగు, పటము తీయునంతసేపు వెలుగుచుండును. కావున షట్టరు ఉపాయము దానికి పనికిరాదు. దూరపు నియమము మాత్రము పనికివచ్చును. మనిషిని గోడకు దూరము చేసి, గదిలో వెనుకటి దీపము లార్పి, ప్రక్కనుండి మరియొకరు తమ ఫోను దీపమును ముఖమునకు దగ్గరగా పట్టుకొనవలెను. తెరపై ముఖమును తాకి, వెలుగు గుఱుతును క్రిందికి జరిపినచో వెనుకభాగము అణగును. రాత్రి పద్ధతియని ఫోనులో నుండు సదుపాయము చీకటిని వెలిగించుటకు పుట్టినది గనుక దానిని మూసియుంచవలెను.

ఈ విద్యకు వెలగల పరికరము అక్కఱలేదు. కొలబద్ద వంటి కన్నును, నాలుగడుగులు ముందునకు రమ్మని పెద్దవారిని మర్యాదగా పిలువగల నోరును కావలెను. వచ్చు ముహూర్తముల లోపల ఒక సాయంకాలము ఇంటిలోని వారినే కూర్చుండబెట్టి, గోడకు ఒక అడుగు దూరమున నొక పటమును, ఎనిమిది అడుగుల దూరమున మరియొక పటమును తీసి, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. వధూవరులు పీటలమీద కూర్చున్న తరువాత నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.