దిబ్బకూ ఒక రంగుంది

మా బెంగళూరు ఇంటి హాల్లో గోడకు ఒక ఫొటో ఉంది. వచ్చినవారు తప్పకుండా అడిగే ప్రశ్న, "బ్లాక్ అండ్ వైటా అండీ?" అని. కాదు, అది అచ్చమైన కలర్ ఫొటో. అందులో ఉన్నది కోలారు బంగారు గనుల దగ్గరి సైనైడ్ దిబ్బ. బూడిద రంగు తప్ప మరో రంగు లేని దిబ్బకు కలర్ రోలు దండగ కదా అని మిత్రులు నవ్వుతారు. అది దండగ ఎందుకు కాలేదో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

దిబ్బ చూడని పాఠకుల కోసం ముందు దాని సంగతి. 1880 ప్రాంతంలో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ గనులు చేపట్టింది. పోనుపోను 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాయి పైకి తెచ్చారు. ఆ రాతిని పిండి చేసి, సైనైడ్ కలిపిన నీళ్ళలో బంగారాన్ని కరిగించి తీసేవారు. 120 ఏళ్ళలో వచ్చిన బంగారం దాదాపు 800 టన్నులు. మిగిలిన పిండి 3 కోట్ల టన్నుల పైమాటే. అదే ఊరి చుట్టూ 13 దిబ్బలై కూర్చుంది. బంగారం ఎటో వెళ్ళిపోయింది, పిండి మాకు మిగిలింది. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నాకు అది ఎప్పటికీ టాలీ కాని బాలన్స్ షీటులా కనిపిస్తుంది. గాలి వీచే రోజుల్లో ఆ ధూళి అన్నం కంచాల్లోకి కూడా వచ్చేది.

మా నాయన అక్కడి మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. 1997లో పోయారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ వేసవిలోనే, రాబర్ట్‌సన్‌పేటలో ఒంటరిగా ఉన్న అమ్మను నా దగ్గరికి తీసుకువచ్చాను. బయలుదేరే ముందు "ఇక్కణ్ణుంచి ఏం కావాలమ్మా?" అని అడిగితే, "ఆ దిబ్బనొక ఫొటో తియ్యరా" అంది.

నా దగ్గర ఒక పాత కెమెరా ఉండేది. 36 ఫొటోల కలర్ రోలు కొన్నాను. ఎంతైనా కలర్ రోలు కదా, ఎర్ర గౌను వేసుకున్న మా పాపను దిబ్బ ముందు నిలబెట్టబోయాను. అమ్మ ఒప్పుకోలేదు. "పాపను ఇంట్లో తీసుకోవచ్చు. దిబ్బను మాత్రమే తియ్యి" అంది. మధ్యాహ్నం కొన్ని, పొద్దు వాలాక కొన్ని తీశాను.

బెంగళూరులో ప్రింట్లు వచ్చాయి. నీలాకాశం ఎక్కువగా పడిన ఫొటోల్లో దిబ్బ పచ్చబడింది. సాయంత్రం తీసినవి చల్లబడిన బూడిదలా ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టేసింది.

"దీనికి కామెర్లొచ్చినట్టుంది. ఇది మన దిబ్బ కాదు నాయనా."

"అంత కచ్చితంగా ఎట్లా చెప్తావమ్మా?"

"ముప్పై ఏండ్లు మీ నాయన గుడ్డలు ఉతికినాను. ఆ నీళ్ళ రంగు నాకు తెలీదా?"

అలా అని ట్రంకు పెట్టె తెరిచి, నాయన డ్యూటీలో తలకు చుట్టుకునే తువ్వాలు తీసింది. ఒకప్పుడు తెల్లటిదే. ఎంత ఉతికినా పోని లేత బూడిద రంగు దాని నేతలో ఇంకిపోయి ఉంది.

ఆ తువ్వాలు సంచిలో పెట్టుకుని ల్యాబుకు వెళ్ళాను. అక్కడి కుర్రాడు ఓపికగా వివరించాడు. ప్రింటు వేసే యంత్రం ప్రతి ఫొటోలోనూ అన్ని రంగులూ సమపాళ్ళలో ఉంటాయని అనుకుంటుందట. నీలం ఎక్కువైతే విరుగుడుగా పసుపు కలుపుతుంది. సాయంత్రపు ఎండలోని బంగారు ఛాయను పొరపాటనుకుని తీసేస్తుంది. చీరలు, చెట్లు, పెళ్ళిపందిళ్ళు ఉన్న ఫొటోల్లో ఈ లెక్క సరిపోతుంది. ఒకే రంగున్న దిబ్బ దగ్గర తప్పుతుంది. మా బ్యాంకులో తేడా వస్తే సస్పెన్సు ఖాతాలో వేసి టాలీ చేసినట్టన్నమాట!

తువ్వాలును పక్కన పెట్టుకుని, మధ్యాహ్నపు ఫొటో దాని రంగుకు దగ్గరయ్యేదాకా అతను చేత్తో సరిచేశాడు. ఆ సెట్టింగు మార్చకుండానే మిగతా నెగటివులన్నీ ప్రింటు వేశాడు.

అప్పుడు కనిపించింది అసలు దిబ్బ. ఎండ తగిలే వైపు లేత బూడిద. ఆకాశపు వెలుతురు మాత్రమే పడే నీడ వైపు సన్నని నీలం. వాన కోసిన చారల్లో కాస్త ముదురు. సాయంత్రపు ఫొటోలో అంచు వెంబడి పాత ఇత్తడి చెంబు ఛాయ. బ్లాక్ అండ్ వైట్‌లో తీసి ఉంటే ఇవన్నీ ఒకే బూడిదలో కలిసిపోయేవి. అమ్మ ఆ సాయంత్రపు ఫొటోను చాలాసేపు పట్టుకుని కూర్చుంది. "మీ నాయన షిఫ్టు దిగొచ్చే వేళ ఇట్లే ఉండేది" అని మాత్రం అంది. గోడకు ఉన్నది ఆ ఫొటోయే.

అమ్మ 2014లో పోయింది. 2018లో కె.జి.ఎఫ్. సినిమా వచ్చినప్పుడు మా తమ్ముడి పిల్లలు, "పెదనాన్నా, మీ ఊరు అంత నల్లగా ఉంటుందా?" అని అడిగారు. ఆ సినిమాను కొంత మా దిబ్బల దగ్గరే తీశారు, తెర మీద మసిరంగు మాత్రం కథకు కావలసింది. పిల్లలను ఫొటో ముందుకు తీసుకువెళ్ళి, "ఇదమ్మా మన ఊరి రంగు" అన్నాను.

ఇప్పుడు రోళ్ళూ లేవు, ఆ ల్యాబూ లేదు. కానీ చేతిలోని సెల్‌ఫోను కూడా ఆనాటి యంత్రంలాగే రంగులను తనంతట తానే సరిదిద్దుతుంది. మీ ఊరి సున్నపు గోడను, ఉప్పు మడిని, పొగమంచును తీసేటప్పుడు వైట్ బాలన్స్‌ను ఆటోమేటిక్ నుంచి మార్చి, సూర్యుడి బొమ్మ మీద పెట్టండి. తెల్లని వస్తువైతే వెలుతురు ఒక మెట్టు పెంచండి, లేకపోతే కెమెరా దాన్ని మసకబారుస్తుంది. అందం కోసం ఎర్ర గౌను జోడించకండి.

తీశాక ఆ చోటును బాగా ఎరిగిన పెద్దవారికి ఒకసారి చూపించండి. కాదంటే, మళ్ళీ తీయండి.